జెంటూ అంటే మనమే



కంపెనీ రోజుల్లో చెన్నపట్నం గురించి ఇంగ్లీషువాళ్లు రాసిన కాగితాలు తిరగేస్తే ‘జెంటూ’ అనే మాట తరచూ కనబడుతుంది. ఆ జెంటూలు ఎవరో కాదు, తెలుగువాళ్లమైన మనమే. వాళ్ల లెక్కలో మన భాష జెంటూ, తమిళం మలబారు.

ఈ మాటను ఇంగ్లీషువాళ్లు పోర్చుగీసువాళ్ల దగ్గర తీసుకున్నారు. పోర్చుగీసువాళ్లు ఇక్కడి ముస్లింలను ఒక పేరుతోనూ, హిందువులను ‘జెంతియో’ అనీ పిలిచేవారు. దీని మూలం లాటిన్‌లో ఉంది. ‘జెన్స్’ అంటే వంశం, ‘జెంటిలిస్’ అంటే ఒకే వంశానికి చెందినవాడు. తర్వాత క్రైస్తవుల లాటిన్‌లో ఈ మాటకు అర్థం తిరగబడింది. తమ మతం కానివాళ్లందరూ జెంటిలిస్ అయ్యారు. తెలుగు బైబిల్లో ‘అన్యజనులు’ అన్నది వీళ్లనే. అంటే ‘మనవాడు’ అనే మాట ‘పరాయివాడు’గా మారి మన దాకా వచ్చింది! ఇంకో తమాషా: ఇంగ్లీషువాళ్ల ‘జెంటిల్‌మన్’లోని మొదటి సగం కూడా ఆ లాటిన్ మాట నుంచి వచ్చిందే. మనం వాడే ‘జనం’, ‘జాతి’ కూడా ఆ ‘జెన్స్’కు దాయాదులే.

1776లో హాల్‌హెడ్ అచ్చువేసిన ‘జెంటూ’ చట్టాల పుస్తకంలో ఆ మాటకు హిందువులు అని అర్థం. మద్రాసులో మాత్రం అది తెలుగువాళ్లకే పరిమితమైంది. 1816లో క్యాంప్‌బెల్ తన వ్యాకరణానికి తెలుగు వ్యాకరణమనే పేరు పెట్టి, దీన్నే జెంటూ అంటారని పక్కన చేర్చాడు. మరుసటి ఏడు విలియం బ్రౌన్ వ్యాకరణం జెంటూ పేరుతోనే వచ్చింది. 1852 నాటి సి.పి. బ్రౌన్ నిఘంటువు పేరులో ఉన్నది ‘తెలుగు’ ఒక్కటే. నేడు జెంటూ అంటే లోకానికి గుర్తొచ్చేది ఒక పెంగ్విన్.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, తమిళులు మనల్ని ‘వడుగర్’, అంటే ఉత్తరాదివాళ్లు అన్నారు. దొరలు జెంటూలన్నారు. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టారు. మనం మాత్రం ఇంట్లో ‘తెలుగు’ అనే చెప్పుకున్నాం. ఇప్పుడు మన ఇళ్లలోనే కొందరు, ఎందుకొచ్చిన గొడవలే అని, పిల్లల బడి ఫారాల్లో మాతృభాష దగ్గర వేరే పేరు రాసేస్తున్నారు. ఆ గడి నింపేది పరాయివాళ్లు కాదు, మనమే. ఈసారి ఫారం చేతికొచ్చినప్పుడు అక్కడ ‘తెలుగు’ అని రాద్దాం.