మగ్గం గుంతలో నీళ్లు

గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. సంస్థానం కాలం నుంచీ ఇదే తీరు. మూడు నాడెలు ఆడుతూ పట్టుపోగును నూలుపోగుతో మెలివేయాలి. ఒక్కరితో కాదు, అందుకే అమ్మానాన్నలు పక్కపక్కనే కూర్చునేవాళ్లు.

మాది రాజోలి. 2009 అక్టోబరులో తుంగభద్ర ఊళ్లోకొచ్చింది. మట్టి మిద్దెలు కూలాయి. గుంతమగ్గం నేలలోనే కదా, ముందు మునిగింది అదే. సగం నేసిన చీరను నెత్తిన పెట్టుకుని అమ్మ బయటపడింది.

ధైర్యమంటే అందరూ వరదొచ్చిన ఆ రాత్రి గురించే చెప్తారు. నాకు మాత్రం తర్వాతి రోజులే గుర్తు. అమ్మ పొద్దున్నే చిప్పతో బురద ఎత్తిపోసేది. గుంత అడుగున బూడిద చల్లి, తడి ఆరిందా అని అరికాలు ఆనించి చూసేది. ఆరలేదు. మళ్లీ చల్లేది.