అద్దంలో జడ

గుంటూరు సీమ నుంచి కెమెరా ముందుకు తొలినాళ్లలో వెళ్లినవి అమరావతి రాళ్లు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి. 1858లో కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అక్కడే వాటికి ఫోటోలు తీశాడు. ప్లేటు మీద బొమ్మ పడేదాకా కదలకుండా నిలబడటం ఆ రోజుల్లో రాళ్లకే చేతనైన పని. పసిపిల్లల వంతు రావాలంటే త్వరగా బొమ్మ పట్టే పొడిప్లేట్లు రావాలి, ఊళ్లో స్టూడియో వెలవాలి, పిల్లకు ఫోటో తీయించి తీరాలని పట్టుబట్టే తల్లి ఉండాలి.

ఆ పట్టుదలకు ఈ నేల మీద ఒక కాలం ఉంది. కల్లంలో ఎండిన మిరపకాయ టిక్కీ బస్తాలకెక్కి గుంటూరు యార్డుకు వెళ్లేదీ, మల్లెలు విరగబూసేదీ, బళ్లకు సెలవులిచ్చేదీ కాస్త అటూఇటూగా ఒకటేసారి. పత్తి డబ్బు బాకీలకు పోయినా మిరప డబ్బు నాలుగు రోజులు ఇంట్లో ఆడేది. తెనాలి, చీరాల, ఒంగోలు, నరసరావుపేట స్టూడియోలకు వేసవి వచ్చిందంటే పూలజడల సీజనే.

పూలజడ మధ్యాహ్నం పని. మల్లెమొగ్గ సాయంత్రానికి విచ్చుకుంటుంది. విచ్చుకుంటే వరస చెదురుతుంది. అందుకే ఎండ దిగకముందే మొగ్గలు తెప్పించి, అరటి దొప్ప మీదో అట్టముక్క మీదో సూదీదారంతో వరసలుగా కుట్టి, మధ్యమధ్య కనకాంబరాలూ మరువమూ చేర్చి, ఆ పట్టీని జడకు బిగించి, చివర జడకుప్పెలు కట్టేవాళ్లు. పాపిడిబిళ్ల, వడ్డాణం ఇంట్లో లేకపోతే పక్కింటివి. బరువుకు మెడ వెనక్కి లాగేస్తోందని పిల్ల ఏడుపుముఖం పెడితే, "ఫోటో అయ్యేదాకా ఓర్చుకోవే తల్లీ" అని బతిమాలడమూ ఆ ముస్తాబులో భాగమే.

అసలు చిక్కు స్టూడియోలో. ముఖమూ పడాలి, వీపు మీది జడా పడాలి. అందుకు నిలువుటద్దమే ఉపాయం. తమిళనాటా ఇదే పద్ధతి. పిల్లను అద్దానికి వీపు పెట్టి, కొంచెం పక్కకు తిప్పి నిలబెడితే ఒకే ఫోటోలో రెండూ వస్తాయి. చెప్పినంత సులువు కాదు. అద్దంలో దీపాలు కనపడకూడదు, నల్లగుడ్డలో తల దూర్చిన ఫోటోగ్రాఫరు అసలే కనపడకూడదు. పైగా లెన్సు లెక్కలో అద్దంలోని జడ, పిల్ల ముఖం కంటే దూరం. కెమెరా నుంచి అద్దం దాకా, అక్కణ్నుంచి తిరిగి జడ దాకా ఉన్న దూరమంతా కలుస్తుంది. ముఖానికి ఫోకస్ పెడితే జడ మసకబారుతుంది. రెండూ స్పష్టంగా రావాలంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేయాలి, అప్పుడు వెలుగు తగ్గి ఎక్స్‌పోజరు పెరుగుతుంది, అంతసేపూ పిల్ల కదలకూడదు. కెమెరా పక్కన నిలబడి పిల్ల చూపును పట్టి ఉంచే బాధ్యత తల్లిది. ఆ కాసేపూ ఫోటోగ్రాఫరుకు ఆమే అసిస్టెంటు.

ఇంకో తమాషా ఉంది. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము ఎరుపును పట్టలేదు. దాని మీద కనకాంబరాలు నల్లబడి, మల్లెలు తెల్లగా తేలేవి. కుంకుమబొట్టు తారుచుక్కలా పడేది. పోయిన రంగులను ప్రింటు మీద కుంచెతో వేయించుకునేవాళ్లూ ఉండేవాళ్లు.

మగపిల్లలకూ ఇందులో వాటా ఉంది. పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుపతికో కోటప్పకొండకో బయలుదేరేముందు, పెరిగిన జుట్టు ఊరికే పోతుందా అని జడ అల్లి, పూలు పెట్టి, గౌను తొడిగి ఫోటో తీయించేవాళ్లు. పెద్దయ్యాక ఆ ఫోటోను చుట్టాలకు చూపించబోతే లాక్కోని మగవాడు అరుదు.

ఇదంతా కెమెరా ముందు కథ. పిల్లల్ని కెమెరా వెనక్కి తీసుకెళ్లింది ఎక్కువగా తండ్రులు, అదీ వృత్తిగా. పెద్ద ఉదాహరణ తెలుగునేల మీదే ఉంది. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్‌లను అదే పనిలో పెట్టాడు; సంస్థ పేరులో 'అండ్ సన్స్' చేరింది.

అమెరికాలో కొడాక్ 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా తెచ్చి, పిల్లలూ వాడగలరని చెప్పి మరీ అమ్మింది. ఇక్కడి పిల్లవాడికి ముందు దొరికింది కెమెరా కాదు, డార్క్‌రూము. స్టూడియో నడిపే నాన్న పక్కన నిలబడి, ఎర్రదీపం కింద ట్రేలోని తెల్లకాగితం మీద కళ్లు, ముక్కు, జడ ఒక్కొక్కటే తేలివస్తుంటే చూడటం. హైపో ద్రావణంలోంచి తీసిన ప్రింట్లను నీళ్లలో కడగడం. తీగకు క్లిప్పులు పెట్టి ఆరవేయడం. బడి నుంచి వచ్చిన కుర్రాడికి అప్పగించే పనులివి. నెగటివు మీద సన్నపెన్సిలుతో మచ్చలు దిద్దే రీటచింగ్ మాత్రం చేయి కుదిరాకే.

స్టూడియోతో సంబంధం లేని ఇళ్లలోకి కెమెరా తెచ్చిన వాటిలో బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 ఒకటి. రోలుకు 12 ఫోటోలే. కొడుకు చేతికి ఇచ్చినా, "ఎండకు ఎదురు పెట్టకురా, నీ వీపు వైపు ఉండాలి" అంటూ తండ్రి వెనకే ఉండేవాడు. పన్నెండూ అయ్యేదాకా కడిగించడానికి మనసొప్పదు కనుక పెళ్లిలో మొదలైన రోలు సంక్రాంతికి గానీ స్టూడియోకు చేరేది కాదు.

రంగుల ల్యాబులొచ్చాక డార్క్‌రూములు సామాన్ల గదులయ్యాయి. పూలజడలు ఇప్పుడు ఆర్డరిస్తే సిద్ధంగా ఇంటికొస్తున్నాయి. ఓణీల ఫంక్షన్‌లో ఫోటోగ్రాఫరు జడకు వేరుగా, ముఖానికి వేరుగా తీసి ఆల్బమ్‌లో పక్కపక్కన పెడుతున్నాడు. సూర్యలంక సముద్రపు ఒడ్డున పెళ్లివాళ్ల కోసం డ్రోన్ ఎగరేసే కుర్రాళ్లలో ఆ పాత స్టూడియోల వారసులూ ఉన్నారు. నాన్న పెన్సిలుతో దిద్దిన మచ్చలను వాళ్లు ఫోటోషాప్‌లో చెరుపుతున్నారు.