దయచేసి ముట్టుకోండి!

ఎనిమిదో తరగతిలో మా పుంగనూరు నుంచి బెంగుళూరు విశ్వేశ్వరయ్య మ్యూజియంకి టూర్ వేశారు. నేను వెళ్ళాను. కనపడ్డ మీటల్లా నొక్కాను, చక్రాలన్నీ తిప్పాను. క్లాసులో సగం మంది మాత్రం డబ్బులు కట్టలేక రాలేదు. తిరిగొచ్చి చూస్తే మా బడిలో సైన్సు బీరువాకి తాళం వేసినట్టే ఉంది. ఎందుకంటే, "పగలగొడతార్రా!" అనేవాళ్ళు.

అసలు ఈ "ముట్టుకునే మ్యూజియం" ఆలోచనకి పేరు తెచ్చినవాళ్ళలో ముందు చెప్పాల్సింది ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ గురించి. అణుబాంబు రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కి తమ్ముడు, ఆయనా ఫిజిసిస్టే. ఒకప్పుడు కమ్యూనిస్టు పార్టీలో ఉన్నాడన్న కారణంగా 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. కొలరాడో వెళ్ళి ఆవుల్ని మేపుకున్నాడు (పుంగనూరు ఆవులు కాదు లెండి). తర్వాత అక్కడే హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్స్‌ప్లోరటోరియం తెరిచాడు. మనవాళ్ళకి నచ్చే సంగతి ఇంకోటుంది. తమ ఎగ్జిబిట్లు ఎలా తయారుచేయాలో వివరిస్తూ 1975 నుంచి వాళ్ళు "కుక్‌బుక్" పేరుతో పుస్తకాలు వేశారు. ఎవరైనా చూసి చేసుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అన్న మాట పుట్టకముందే ఓపెన్ సోర్స్ అన్నమాట!

మనం వెనకబడి ఏమీ లేము. కలకత్తాలో బిర్లా పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం 1959లోనే మొదలైంది. నేను వెళ్ళిన బెంగుళూరు మ్యూజియాన్ని 1962లో నెహ్రూ ప్రారంభించారు. 1965లో కలకత్తా మ్యూజియం బస్సెక్కి ఊళ్ళకి బయల్దేరింది. నా దృష్టిలో ఈ కథలో అసలు మలుపు ఆ బస్సే. పిల్లల్ని మ్యూజియంకి తీసుకురావడానికి డబ్బులు కావాలి. మ్యూజియమే పిల్లల దగ్గరకొస్తే?

ఈ ప్రశ్నకి పెద్ద జవాబు మా వైపే దొరికింది. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషి వ్యాలీ స్కూలు ఆ ఊరికి దగ్గర్లోనే ఉంది. అక్కడ చదువుకున్న రామ్‌జీ రాఘవన్ విదేశాల్లో బ్యాంకు ఉద్యోగాలు చేసి, వదిలేసి వచ్చి, 1999లో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ పెట్టారు. అణుశక్తి కమిషన్ మాజీ ఛైర్మన్ పి.కె.అయ్యంగార్ లాంటివాళ్ళు తోడు నిలిచారు. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా పోతే వచ్చే కుప్పంలో, మూడు రాష్ట్రాలు కలిసే మూలన, 172 ఎకరాల క్యాంపస్ వాళ్ళది. ఒకప్పుడది బీడు నేల. ఇప్పుడు చెట్లు, ల్యాబులు, చేత్తో తాకి లెక్కలు నేర్చుకునే రామానుజన్ మ్యాథ్ పార్కు (2017) ఉన్నాయక్కడ.

అయితే క్యాంపస్ కన్నా నాకు నచ్చింది వాళ్ళ వ్యాన్లు. చవకైన సామానుతో చేసిన మోడళ్ళు వేసుకుని సర్కారు బళ్ళకి వెళ్తాయి. వ్యాను వెళ్ళలేని చోటికి మోటార్‌సైకిల్ మీద ల్యాబు వెళ్తుంది. కొన్నిచోట్ల పిల్లలే తోటి పిల్లలకి ప్రయోగం చేసి చూపిస్తారు. విరిగితే? ఇంకోటి చేసుకుంటారు, అంతే!

మనకి ప్రోగ్రామింగ్ ఎలా వచ్చిందో ఓసారి ఆలోచించండి. రాసి, రన్ చేసి, ఎర్రర్లు తిని, మళ్ళీ రాసి. కోడ్ పాడవుతుందని కీబోర్డుకి ఎవరూ తాళం వెయ్యలేదు. మరి ఫిజిక్సు? ఇంజనీరింగ్‌లో కూడా సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించినవాళ్ళమే కదా. జవాబు ముందే తెలిసిన ప్రయోగాన్ని ప్రయోగం అనడమే తప్పు.

కానీ ఒక్క మాట. వ్యాను వచ్చిన రోజు పండగే, సాయంత్రానికి అది వెళ్ళిపోతుంది. మర్నాడు బడిలో మిగిలేది ఆ బీరువానే. అరవై ఏళ్ళలో మ్యూజియం భవనం నుంచి బస్సుకి, బస్సు నుంచి బైకుకి దిగింది. ఇంక మిగిలింది ఒక్క మెట్టే, బడిలోని బీరువా. దానికి 172 ఎకరాలు అక్కర్లేదు. "పగిలితే పగిలిందిలే" అనే ఒక్క మేష్టారు చాలు.

ఇంతకీ మీ బళ్ళో ఆ తాళంచెవి ఎవరి దగ్గరుండేది?