మారేడు కాయ ముచ్చట

మంటకు జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఇగో, ఇప్పుడు కాలుతున్నయి తుమ్మ కట్టెలు. మా చిన్నప్పుడు చలికి ఏ కట్టె దొరికితే ఆ కట్టె ఏసుకునేది. మారేడు కట్టె మాత్రం పొయ్యిల పెట్టనియ్యకపోదురు. గాలికి కొమ్మ ఇరిగి పడ్డా ఎండబెట్టి, హోమంల సమిధెలకని గుడి అయ్యగారికి ఇచ్చేది. అది శివుని చెట్టు. లచ్చిమి చెట్టు గూడ. ఆ తల్లి తపస్సుతోటి పుట్టిన చెట్టని శ్రీసూక్తంల ఉన్నది.

పత్రి సంగతి మీకు ఎరుకే. ఒక్క తొడిమెకు మూడాకులు ఉండాలె, చిరగొద్దు, పురుగు తిని ఉండొద్దు. శివుని మూడు కండ్లని కొందరంటరు, త్రిశూలమని కొందరంటరు. సోమారం, అమాస నాడు తెంపొద్దని ముందటి రోజే ముండ్లు గుచ్చుకోకుండ మెల్లగ తెంపి తడిబట్టల చుట్టి పెట్టేది. ఆకు వాడినా దోషం లేదు, కడిగి మల్ల పూజకు పెట్టొచ్చు. వినాయక చవితి 21 పత్రిల గూడ మారేడు ఉంటది. మారేడు చెట్టెక్కిన వేటగాడి కత శివరాత్రి నాడు పురాణంల వినుండ్రి, నేను కాయ ముచ్చట జెప్త.

మారేడు ఎండకాలంల పూస్తది. కాయ పండేసరికి మల్ల ఎండకాలం వస్తది, అంత నిదానం. చేత్తోటి పగలదు, బండకేసి కొట్టాలె. కొట్టంగనే ఇల్లంత వాసన. మా అమ్మ ఆ గుజ్జును నీళ్లల పిసికి, ఇత్తులు వడగట్టి, బెల్లం కలిపి ఇచ్చేది. ఎండల చేన్లకెల్లి వచ్చినోళ్లకు కడుపు సల్లబడేది.

మందుకైతే పండు కాదు, లేత కాయ. మిగతా పండ్లు పండినంకనే గుణం, మారేడుకు పచ్చి కాయలనే గుణమని ఆయుర్వేదం మాట. లేత కాయలను బిళ్లలుగ కోసి, ఎండబెట్టి, పొడి కొట్టి దాసేది. జిగట విరేచనాలు పట్టుకుంటే ఆ పొడి మజ్జిగల కలిపి తాపేది. ఇప్పుడు నెత్తురు పడ్డదంటే మాత్రం ముందు దవాఖానకే ఉరకాలె బిడ్డా, అప్పట్ల మాకు దవాఖాన దగ్గర లేకుండె. దీని వేరు గూడ దశమూలంల ఒకటి.

ఇంకొకటి జెప్త. ఇత్తుల సుట్టూ తీగెలు సాగే బంక ఉంటది. మా పతంగులకు, చినిగిన పుస్తకాలకు అదే అతుకు. గుజ్జు తీసినంక బుర్రను పారేస్తుంటిమా? నున్నగ గీకి, ఆరబెట్టి, ఇబూతి పోసుకునేటోళ్లం. మా తాత నశ్యం డబ్బి గూడ మారేడు బుర్రనే.

ఇప్పటోళ్లకు ఆకు ఒక్కటే కావాలె. శివరాత్రి వస్తే కొమ్మలకు కొమ్మలు నరికి బండ్లల ఏసుకపోతున్నరు. చెట్టును మోడు జేసి ఆకు దేవునికి పెడితే అది పూజ ఎట్లయితది? నాకైతే మనసు ఒప్పది.

ఈ ఎండకాలం పండు పగలగొడితే ఇత్తులు పారెయ్యకుండ్రి. వానలు పడంగనే శివాలయం ఎనక జాగల నాటుండ్రి. రెండేండ్లు పసుల నోట్లె పడకుండ కంచె కట్టుండ్రి. ఇత్తు మొక్క కాపుకు రావాలంటే ఏడెనిమిదేండ్లు పడుతది, అందుకే ఈ ఏడే మొదలుపెట్టుండ్రి.