పాటకు పట్టము గట్టువారెవరు?

పదిమంది చదువుకొన్నవారు కూడినచోట, పాటలన్నిటిలో నుత్తమమైన దేది యను ప్రశ్న పుట్టినచో, ఆ వాదము ప్రొద్దుగ్రుంకినను తెగదు. ఒకరు త్యాగరాజస్వామి కృతి యందురు. ఒకరు క్షేత్రయ్య పదమందురు. వేఱొకరు తాము బాల్యమున విన్న చలనచిత్ర గీతమునకు సాటి లేదందురు. తమ తీర్పు కేవలము పాట గుణమునుబట్టి పుట్టినదే యని ప్రతివారును నమ్ముదురు. చరిత్రను గొంచెము పరిశీలించినచో, తీర్పు పాటనుగూర్చి యెంత తెలుపునో తీర్పరినిగూర్చియు నంత తెలుపునని తోచకమానదు.

కాళిదాసు రఘువంశమున ఇందుమతి అంగరాజును దాటిపోయిన ఘట్టము సహృదయులు మఱవరు. వరునియందు లోపము లేదు, కన్యయందు నవివేకము లేదు. అయినను మాల యాతని మెడను బడలేదు. రుచిభేదమే కారణము. పాటల విషయమునను నిట్లే జరిగినది.

తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) ముప్పది రెండువేల సంకీర్తనములు రచించెనని ఆయన మనుమడు చిన్నన్న చెప్పినాడు. పదునాఱవ శతాబ్దమున ఆయన సంతతివారు వానిని రాగిరేకులపై చెక్కించి తిరుమల యాలయమున భద్రపఱచిరి. తాటియాకు చాలదు, తామ్రమే తగునని ఆ కాలము తీర్పు చెప్పినది. పిమ్మట రెండువేలకు పైబడిన ఆ రేకులను లోకము మఱచినది. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెలు దొర, తిరుపతి రాగిరేకులలో ప్రాచీనమైన వ్యాకరణ మున్నదని విని వానిని పరీక్షింపజేసినాడు. అందు వ్యాకరణము లేదు, దేవుని స్తోత్రములు మాత్రమే కలవని తేలగా, ఆ మాట పీఠికలో వ్రాసి యూరకుండినాడు. ఈయనయే తరువాత బళ్లారి కలెక్టరై, 1823లో మన వీథిబడులనుగూర్చి శ్రద్ధతో నివేదిక వ్రాసిన పండితుడు. మా పామిడి నాడు బళ్లారి జిల్లాలోనిదే. ఆయన మూఢుడు కాడు. వెదకినది వేఱు, అంతియే.

నూఱేండ్లు గడచిన పిదప సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ రేకులను చదివి వెలికిదెచ్చిరి. మా అనంతపురము జిల్లా రాళ్లపల్లిలో జన్మించిన అనంతకృష్ణశర్మగారు (1893–1979) అనేక సంపుటములను పరిష్కరించి, నూటికి పైగా పాటలకు స్వరము గూర్చిరి. నేడు ఆ పాటలు లేని తెలుగు పెండ్లి యరుదు. ఇన్నియేండ్లలో రాగిపై నొక యక్షరమైనను మాఱినదా? లేదు. చదువువాని కన్ను మాఱినది. మఱియొక విశేషము: రేకులపై రాగముల పేర్లు కలవుగాని స్వరములు లేవు. కాబట్టి మన మిపుడు మెచ్చుకొను పాటలో మాట యైదువందల యేండ్లనాటిది, వరుస తఱచుగా మొన్నటిది. గొప్పతనమున కెవరికెంత పాలని పంచగలము?

సంస్కరణ పక్షమువారమగు మనము మన తప్పునుగూడ నొప్పుకొనవలెను. పందొమ్మిదవ శతాబ్దాంతమున భోగము మేళములను బహిష్కరింపుడని మన పెద్దలు ఘోషించిరి. బాలికలను ఆ వృత్తికి గట్టివేయు నాచారము పోవలసినదే. 1947లో మద్రాసు శాసనము దానిని నిషేధించుట న్యాయమే. కాని ఆచారముపై కోపము పాటపై గూడ పడినది. పదునేడవ శతాబ్దమున క్షేత్రయ్య రచించిన మువ్వగోపాల పదములు నీతిబాహ్యములని గృహస్థుల యిండ్లలో నోట బలుకరానివైనవి. వానిని కాపాడిన దెవరు? మనము వెలివేసిన కుటుంబముల స్త్రీలే. చెన్నపట్టణమున వీణ ధనమ్మాళ్ (1867–1938), ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918–1984) ఆ తెలుగు పదములను అరవదేశమున నిలిపిరి. తరువాత పండితులు వానిని రసమునకు నిధియని కొనియాడిరి. నీతికై చెప్పిన తీర్పును పాటకై చెప్పినదిగా భ్రమించితిమి.

అయినచో పాటకు గుణదోషములే లేవా? ఉన్నవి. శ్రుతి తప్పినది తప్పినదే. మాటకు వరుస యతుకనిచో చెవి యెఱుగును. శిక్షితమైన చెవి యధికముగ నెఱుగును. ఇవి వాదించి తేల్చదగినవి. అన్నిటిలో మొదటిది యిదియే యనుట మాత్రము వేఱు మాట. అది మన యక్కఱను బట్టి పలుకునది.

మా సీమలో వానలు తప్పి పెన్న యిసుక తేలిన యేట, స్త్రీలు రోకటికి కప్పను గట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి పాట పాడుచు ఇల్లిల్లు తిరుగుదురు. ఆ పాటలో నాలుగైదు స్వరములకంటె లేవు. సంగీత విద్వాంసు డెవడును దానికి పీట వేయడు. అయినను, దూరమునుండి మోసి తెచ్చుకొన్న నీటిలో నొక చెంబెడు ఆ కప్పపై కుమ్మరించు నిల్లాలిని చూడుడు. ఆమె తీర్పు నీటితో చెప్పినది. దానిని తక్కువదని త్రోసివేయు నధికారము మనకెక్కడిది?

కాబట్టి చదువరులకు నా మనవి యిది. వాదములు సాగనిండు, అవి చెవికి చదువు. కాని నాకు నచ్చలేదను మాటతో ఏ పాటను పోనీయకుడు. మీ యింటి ముసలమ్మ పాడు దంపుళ్ల పాటను నవ్వక వ్రాసికొనుడు. ఏ యూర, ఏ పనివేళ పాడినదో చేర్చుడు. తప్పు తీర్పును మనుమలు దిద్దుకొందురు, పాట మిగిలియున్నచో. మూడు శతాబ్దములకు పైగా అన్నమయ్యను కాపాడినది రసజ్ఞుల మెప్పు కాదు. రాగిరేకు, తలుపు మూసిన యొక చిన్న గది.