లైలా ఊరి కథ, న్యూయార్క్ టేపు

రియాద్ నుంచి దక్షిణంగా సుమారు మూడు వందల కిలోమీటర్లు పోతే అఫ్లాజ్ ప్రాంతంలో లైలా అనే ఊరు వస్తుంది. మజ్నూ అని లోకం పిలిచిన ఖైస్ మనసిచ్చిన లైలాది ఈ సీమేనని ఇక్కడ చెప్పుకుంటారు. మన పెద్దవాళ్ళకైతే ఆ పేరు వినగానే 1949 నాటి భరణీ వారి 'లైలా మజ్ను', అక్కినేని, భానుమతి, సుబ్బురామన్ సంగీతం గుర్తుకొస్తాయి. ఆ సినిమా వచ్చిన పదేళ్ళకు ఇదే కథ న్యూయార్క్‌లోని ఒక యూనివర్సిటీ స్టూడియోలో ఎలక్ట్రానిక్ సంగీతమైంది. సౌదీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నాకు ఆ స్టూడియో సంగతి మీతో పంచుకోవాలనిపించింది.

ఆ పని చేసినవాడు హలీం అల్-దబ్. 1921లో కైరోలో పుట్టాడు. చదివింది వ్యవసాయ ఇంజనీరింగు (సంగీతం మన శాఖ కాదు అనుకునే ఇంజనీర్లు గమనించగలరు!). 1944లో కైరో రేడియో వాళ్ళ దగ్గర ఒక వైర్ రికార్డర్ అరువు తెచ్చుకున్నాడు. టేపు బదులు సన్నటి ఉక్కుతీగ మీద శబ్దాన్ని పట్టే యంత్రమది. దాన్ని మోసుకుని ఆడవాళ్ళు జరిపే 'జార్' తంతుకు వెళ్ళాడు. మన పల్లెల్లో పూనకం వచ్చినవాళ్ళ చుట్టూ డప్పులు కొట్టి పాడతారే, దాదాపు అలాంటిదే. ఆ పాటను తీగ మీదికెక్కించి, స్టేషనుకు తెచ్చి, గోడలు జరపగలిగే గదిలో ప్రతిధ్వనింపజేసి మళ్ళీ రికార్డు చేశాడు. అసలు స్వరాన్ని తగ్గించి, దాని వెంట పలికే అనుస్వరాలనే పైకి తెచ్చాడు. మా భాషలో చెప్పాలంటే ఫిల్టరు వేశాడు. చివరికి మిగిలింది మనిషి గొంతో, గాలి హోరో పోల్చుకోలేని ధ్వని.

రికార్డు చేసిన శబ్దాలతో సంగీతం కట్టడం పారిస్‌లో పియెర్ షాఫర్‌తో 1948లో మొదలైందని చాలా పుస్తకాలు రాశాయి. కైరో పని దానికి నాలుగేళ్ళు ముందుది. షాఫర్ వెనక ఫ్రెంచి రేడియో ఉంది, తన పద్ధతికి పేరుపెట్టి, సిద్ధాంతం రాసి ప్రచారం చేశాడు. మనవాడి చేతిలో ఉన్నది అరువు యంత్రం. తేడా అక్కడే వచ్చిందని నా అభిప్రాయం.

1950లో అల్-దబ్ ఫుల్‌బ్రైట్ మీద అమెరికా వెళ్ళాడు. 1950ల చివర కొలంబియా, ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలు కలిసి ఎలక్ట్రానిక్ మ్యూజిక్ సెంటర్ పెట్టాయి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 1,75,000 డాలర్లిచ్చింది. అందులో ఆర్‌సీఏ వారి మార్క్ 2 సింథసైజర్ ఉండేది. ఒక గోడంత పొడవు, లోపలన్నీ వాక్యూం ట్యూబులు. ఏ స్వరం ఎంతసేపు మోగాలో కాగితానికి చిల్లులు పొడిచి చెప్పాలి. మా ప్రొఫెసర్లు పంచ్ కార్డుల కష్టాలు కథలుగా చెప్పేవారు. ఇక్కడ అదే కష్టం పాట కోసం.

అల్-దబ్‌కు అక్కడ ఎక్కువగా నచ్చింది టేపే. కత్తిరించి, అతికించి, వేగం మార్చి, మనుషుల గొంతులను యంత్రధ్వనులతో కలిపి 1959లో 'లైలా అండ్ ద పొయెట్' తయారుచేశాడు. ఆ స్టూడియో పేరుతో 1964లో కొలంబియా రికార్డ్స్ ఒక ఎల్‌పీ తెచ్చింది. అందులో ఆయనతో పాటు టర్కీ నుంచి వచ్చిన బులెంట్ అరెల్, అర్జెంటీనా నుంచి వచ్చిన మారియో డేవిడోవ్‌స్కీ ఉన్నారు. స్టూడియో పెద్దల్లో ఒకరైన ఉసచేవ్‌స్కీ చైనాలో పుట్టిన రష్యన్. అందరూ మనలాగే పుట్టిన ఊరు వదిలివచ్చినవాళ్ళు. వాళ్ళకు యంత్రాలు, గది, తాళంచెవి ఇచ్చినందుకే ఆ యూనివర్సిటీలను మెచ్చుకోవాలి.

తర్వాత అల్-దబ్ ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, 2017లో 96వ ఏట కన్నుమూశాడు. 1944 నాటి ఆ తీగ రికార్డులోంచి రెండు నిమిషాల ముక్క 2000లో సీడీగా వచ్చింది. అప్పటికి ఆయన వయసు డెబ్బై తొమ్మిది.