రాతి పెట్టె మీద లేబుల్, ఆవకాయ జాడీ మీద లేబుల్

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానో ముందే చెప్పేస్తా. చాలామంది అడిగారు, "అన్నా, ఇంట్లో చిన్న ఆఫీస్ పెట్టుకున్నా, పార్సిల్స్ పంపుతున్నా, ఏ లేబుల్ ప్రింటర్ కొనాలి?" అని. సమాధానం పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ నేను కూర్చున్న ఊరు ధరణికోట. ఇక్కడ ఉండి లేబుల్ గురించి మాట్లాడుతూ చరిత్ర వదిలేస్తే నాకు నిద్రపట్టదు. ప్రింటర్ కోసం వచ్చినవాళ్లు చివరిదాకా ఉండండి, అది కూడా వస్తుంది.

మొదట నా పరువు తీసే కథ. కిందటి ఎండాకాలం అమ్మ ఆవకాయ పెట్టింది. వాట్సాప్‌లో ఆర్డర్లు, నేను ప్యాకింగ్. రెండు రకాలు: వెల్లుల్లి వేసింది, వెయ్యనిది. వెల్లుల్లి తినని ఇళ్లు కొన్ని ఉన్నాయి, వాళ్లకి ఆ తేడా చాలా ముఖ్యం. నేను ఆన్‌లైన్‌లో చవకలో దొరికిన ఒక చిన్న ప్రింటర్ తెప్పించి, 36 సీసాల మీద చక్కగా లేబుళ్లు అంటించా. డాబా మీద గదిలో పెట్టా. మూడు వారాల తర్వాత చూస్తే నూనె తగిలిన చోట అక్షరాలు మాయం, కిటికీ పక్కన ఉన్నవైతే పూర్తిగా తెల్ల కాగితాలు. ఏది ఏదో తెలియదు. అమ్మ ఒక్కొక్క మూత తీసి వాసన చూసింది. సీల్ తీసిన సీసా అమ్మలేం కదా. అన్నీ చుట్టాలకి పంచేశాం. "బీటెక్ చదివి అట్ట ముక్క అంటించడం రాలేదేంట్రా" అంది అమ్మ. నిజమే మరి.

ఆ రోజు సాయంత్రం దిబ్బ వైపు వెళ్లా. ధరణికోట వాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్ల కోసం చెప్తా. మా ఊరే పాత ధాన్యకటకం. పక్కనే అమరావతి, అక్కడ మహాస్తూపం. ఆ రాళ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో చిన్న చిన్న రాతలుంటాయి. స్కూల్లో మాకు "శాసనాలు" అని చెప్పారు. శాసనం అంటే రాజు ఆజ్ఞ అనుకుని భయంగా చూసేవాణ్ణి. తర్వాత చదివితే తెలిసింది, వాటిల్లో చాలా వరకు మనం పార్సిల్ మీద రాసే రకం విషయాలే: ఎవరు ఇచ్చారు, ఎవరి కొడుకు, ఏ ఊరు, ఏం ఇచ్చారు.

నాకు బాగా నచ్చింది విధికుడి రాయి. విధికుడు తోలు పనివాడు. నాగ అనే ఉపాధ్యాయుడి కొడుకు. అమ్మ, భార్య, అన్నదమ్ములు, నాగ అనే కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు, అందరితో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయించుకున్నాడు. గమనించండి, "ఒక రాయి ఇచ్చాను" అని ఊరుకోలేదు. ఏ బొమ్మ ఉన్న పలకో కూడా చెప్పాడు. మన భాషలో పంపినవారు, వస్తువు వివరం, రెండు ఫీల్డులూ నింపాడన్నమాట. తండ్రి పేరు నాగ, కొడుకు పేరూ నాగే. తాత పేరు మనవడికి పెట్టడం అప్పటికే ఉంది చూడండి. ఒక చర్మకారుడి ఇంటి సంగతి ఇన్ని వందల ఏళ్ల తర్వాత మనకి తెలుస్తోందంటే, ఆ రెండు మూడు వరుసల వల్లే.

ఇంకా అసలు సిసలు లేబుల్ కావాలంటే కృష్ణా దిగువకి, భట్టిప్రోలు పోవాలి. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి స్తూపం తవ్వితే లోపల మూడు రాతి పెట్టెలు దొరికాయి. వాటిల్లో స్ఫటికపు భరిణెలు, ధాతువులు. పెట్టెల అంచుల మీద అక్షరాలు. ఒకదాని మీద ఏముందంటే, కురుడు అనే అతని తల్లిదండ్రులు, కురుడు, వాళ్ల వైపు నుంచి ఈ పెట్టె, ఈ స్ఫటికపు భరిణె, బుద్ధుడి ధాతువులు ఉంచడానికి అని. పెట్టె, లోపల ఏముంది, ఎవరు పెట్టారు. ఇంతకంటే లేబుల్ అంటే ఏముంటుంది? బ్యూలర్ అనే పండితుడు ఆ లిపిని చదివాడు. అది మామూలు బ్రాహ్మీకి కొంచెం తేడాగా ఉంటుంది, అందుకే దాన్ని భట్టిప్రోలు లిపి అని విడిగా పిలుస్తారు.

ఇక అమరావతిలోనే 1958-59 తవ్వకాల్లో దొరికిన ఒక పాత స్తంభం ఉంది. దాని మీద బొమ్మల పక్కన చోట్ల పేర్లు చెక్కారు, వైశాలి చైత్యాల పేర్లు అలా. ఫొటో కింద క్యాప్షన్ పెట్టినట్టు. చూసేవాడు ఎప్పుడూ వైశాలి వెళ్లి ఉండడు కదా, రాయకపోతే ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు బాధ కలిగించే భాగం. రాయి మీద చెక్కిన లేబుల్ ఎవరు ఇచ్చారో చెప్తుంది. కానీ ఆ రాయి స్తూపంలో ఎక్కడ ఉండేదో చెప్పదు. చెప్పాల్సిన అవసరం వాళ్లకి లేదు, రాయి దాని చోటులోనే ఉంది కాబట్టి. 1790ల్లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చాడు. కొత్త ఊరు కట్టడానికి రాళ్లు, ఇటుకలు కావాలి. పక్కనే దీపాలదిన్నె అని పిలిచే దిబ్బ. తవ్వారు. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. మళ్లీ 1816లో, సర్వేయర్ జనరల్ అయ్యాక, తన చిత్రకారులతో వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేసి ఉంది.

మెకంజీ మీద మీ అభిప్రాయం ఏదైనా ఉండనివ్వండి, ఒక్క పని మాత్రం మంచిది చేశాడు. బొమ్మలు గీయించి, చాలావాటి కింద ఆ రాయి ఎక్కడ పడి ఉందో, ఏ వైపు ఉందో, ఎవరు గీశారో, ఏ తేదీనో రాయించాడు. దిబ్బ ప్లాను కూడా వేయించాడు. ఆ ఆల్బమ్ ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. తర్వాత పోయిన రాళ్లు కొన్ని మనకి ఆ కాగితాల మీదే మిగిలాయి.

1845లో గుంటూరులో పనిచేసిన వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకీ వానకీ పడున్నాయి. 1856లో విలియం టేలర్ జాబితా రాశాడు, 1858లో లినేయస్ ట్రైప్ ఫొటోలు తీశాడు. అంటే రాయికి నంబరు వచ్చింది. కానీ ఆ నంబరు మద్రాసులో ఇచ్చింది, అమరావతిలో ఇచ్చింది కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక్క మాటలో అర్థమవుతుంది: ప్రైమరీ కీ ఉంది, లొకేషన్ కాలమ్ ఖాళీ. ఇలియట్ తన తవ్వకం మీద పూర్తి నివేదిక అచ్చు వేయలేదు. 1859లో రాళ్లు ఓడెక్కాయి. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ వెతికితే లండన్‌లో ఫైఫ్ హౌస్ అనే భవనం బండ్ల షెడ్డులో కనిపించాయి! 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. ఏ పలక పక్కన ఏ పలక ఉండేదో తేల్చడానికి పండితులు నూరేళ్లకు పైగా తల బద్దలు కొట్టుకుంటున్నారు. అమ్మ సీసా మూత తీసి వాసన చూసినట్టే, రాయి శైలి చూసి, చెక్కిన తీరు చూసి ఊహించుకోవడం.

మధ్యలో కాలం చాలా ఉంది, పరిగెత్తిస్తా. గోనె సంచుల మీద స్టెన్సిల్‌తో వేసే మార్కా మన మిర్చి, పత్తి వ్యాపారాల్లో అందరూ చూసిందే. మాంచెస్టర్ మిల్లుల వాళ్లు మన దేశానికి పంపే బట్ట తాన్ల మీద దేవుళ్ల బొమ్మలతో రంగురంగుల టికెట్లు అంటించేవాళ్లు, చదువు రానివాడు కూడా బొమ్మ చూసి కొనుక్కునేలా. 1935లో లాస్ ఏంజెలిస్‌లో స్టాంటన్ ఏవరీ వెనక కాగితం ఊడదీసి అంటించే లేబుల్ తెచ్చాడు. 1972 ఆగస్టు 15న మన పిన్ కోడ్. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో ఒక సూపర్ మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి బార్‌కోడ్ స్కాన్ చేశారు. 1994లో జపాన్‌లో క్యూఆర్ కోడ్. ఆ తర్వాత మీకు తెలుసు, సోడా బండి మీద కూడా అదే.

సరే, ప్రింటర్. నేను చేసిన తప్పు ఏంటంటే, డైరెక్ట్ థర్మల్ ప్రింటర్‌ని సీసాలకి వాడా. అందులో ఇంకు ఉండదు. కాగితం మీదే రంగు వచ్చే పూత ఉంటుంది, వేడి తగిలిన చోట నల్లబడుతుంది. బస్సు టికెట్, ఏటీఎం స్లిప్ అదే. ఎండ, వేడి, నూనె, కొన్ని రకాల ప్లాస్టిక్ తగిలితే రాత పోతుంది. కారులో పెడితే కాగితం మొత్తం నల్లబడినా ఆశ్చర్యం లేదు, పల్నాడు ఎండ సంగతి తెలుసు కదా. కొరియర్ పార్సిల్‌కి మాత్రం ఇదే సరైంది. దాని ఆయుష్షు నాలుగు రోజులు చాలు. 4 బై 6 అంగుళాల లేబుల్ వేసేది తీసుకోండి, కొరియర్ వాళ్ల పీడీఎఫ్‌లు ఎక్కువ ఆ సైజులోనే వస్తాయి.

నెలల తరబడి నిలవాల్సినవి, అంటే జాడీలు, ఫైళ్లు, కేబుళ్లు, ఇంటి కాగితాల డబ్బాలు, వీటికి థర్మల్ ట్రాన్స్‌ఫర్. ఇందులో రిబ్బన్ ఉంటుంది, ఆ రిబ్బన్ మీద రంగు కరిగి లేబుల్‌కి అంటుకుంటుంది. నూనె తగిలే చోట మైనపు రిబ్బన్ కాకుండా రెజిన్ రిబ్బన్, కాగితం కాకుండా ప్లాస్టిక్ లేబుల్ అడగండి. కొద్దిగానే కావాలంటే పైన పొర ఉన్న టేప్ వేసే చేతి లేబుల్ మెషీన్ చాలు.

కొనేముందు ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి: బయట దొరికే రోల్ పడుతుందా, లేక వాళ్ల రోలే కొనాలా? ప్రింటర్ ధర ఒక్కసారి కడతాం, రోల్ ధర జీవితాంతం కడతాం. ఇంటర్నెట్, లాగిన్ లేకుండా యాప్ పనిచేస్తుందో లేదో కూడా చూడండి.

తెలుగులో వేసేవాళ్లకి ఒక చిక్కు. ఎక్కువ ప్రింటర్లు 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు. 3 మిల్లీమీటర్ల అక్షరానికి దక్కేది 24 చుక్కలే. అందులోనే తలకట్టు, వత్తు, అన్నీ సర్దుకోవాలి. "స్త్రీ" వేసి చూడండి, మచ్చలా వస్తుంది. అక్షరం పెద్దది చెయ్యండి, లేదా 300 డీపీఐ తీసుకోండి. కొన్ని ప్రింటర్లలో తెలుగు ఫాంటే ఉండదు, వత్తులు విడిపోతాయి. ఫోన్‌లో బొమ్మగా తయారుచేసి పంపితే ఆ గొడవ లేదు. విధికుడి రాయి చెక్కినవాడికి ఈ తలనొప్పి తక్కువ. బ్రాహ్మీ అక్షరాలు గీతలూ వంపులే, ఉలికి అనువుగా ఉంటాయి.

సీసాకి అంటించేముందు నూనె పూర్తిగా తుడిచి, స్పిరిట్‌తో ఒకసారి రుద్ది ఆరనివ్వండి. రోల్ మార్చినప్పుడల్లా క్యాలిబ్రేట్ చెయ్యండి, లేదంటే రాత రెండు లేబుళ్ల మధ్యలో పడుతుంది. ప్రింట్ హెడ్‌ని గోరుతో గీకొద్దు. తినే వస్తువులు అమ్మేవాళ్లయితే ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ నంబరు, తయారీ తేదీ, నికర బరువు, ఎమ్మార్పీ, మీ చిరునామా ఉండాల్సిందే. అది నా సలహా కాదు, చట్టం.

ఈ ఏడాది నేను ఇంకో పని మొదలుపెట్టా. సీసా మీద లేబుల్ ఎలాగూ ఉంది. అది కాక మూత లోపల మార్కర్‌తో ఒక చిన్న నంబరు, అదే నంబరు అమ్మ నోట్‌బుక్‌లో: ఏ రోజు కలిపింది, ఏ జాడీ నుంచి తీసింది, వెల్లుల్లి ఉందా లేదా, ఏ అలమారాలో ఏ అరలో ఉంది. మెకంజీ బొమ్మల కింద రాయించినట్టు. అమ్మ మాత్రం నా లేబుల్‌ని ఇంకా నమ్మట్లేదు, వెల్లుల్లి లేని సీసాలకి మెడ దగ్గర పసుపు దారం కడుతోంది. 203 డీపీఐ కంటే అదే బాగా కనిపిస్తోందని ఒప్పుకోవాలి.

మీ ఇంట్లో ఏం లేబుల్ వేయాలనుకుంటున్నారో రాయండి, ఏ ప్రింటర్ రకం సరిపోతుందో చెప్తా. వచ్చే ఎపిసోడ్ భట్టిప్రోలు వెళ్లి చేస్తున్నా. ఉంటా మరి.